రెండు ఓపీ చీటీల జబ్బు: సోరియాటిక్ ఆర్థ్రైటిస్ రోగులకు అందుతున్న సేవలపై సమీక్ష

సోరియాసిస్ వస్తే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్తాం. వేళ్లు వాచినా, మడమ నొప్పి పుట్టినా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తాం. రెంటికీ మూలం ఒకటే అయినప్పుడు ఎవరిని కలవాలో చెప్పేవాళ్లు మన ఆస్పత్రుల్లో అరుదు. పెద్దాస్పత్రిలోనైనా ఆ మనిషి రెండు ఓపీ చీటీలు రాయించుకోవాలి, రెండు వరుసల్లో నిలబడాలి. చర్మ డాక్టరు పూతమందు రాస్తారు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి నొప్పి మాత్రలు రాస్తారు. ఒకరు రాసింది ఇంకొకరు చదివే ఏర్పాటు ఉండదు. ఇద్దరూ తమ పని సరిగానే చేసినా జబ్బు మాత్రం ఎవరి లెక్కలోకీ రాకుండా మిగిలిపోతుంది.

ఈ జబ్బు పేరు సోరియాటిక్ ఆర్థ్రైటిస్. గత పాతికేళ్లలో దీనికి మందులు బాగా పెరిగాయి. 2002లో అమెరికాలో ఈ జబ్బుకోసం ఎటనర్సెప్ట్‌కు అనుమతి వచ్చింది. ఆ తర్వాత అడాలిముమాబ్, ఉస్టెకినుమాబ్, సెకుకినుమాబ్ ఇంజెక్షన్లు, టోఫాసిటినిబ్ మాత్రలు వరసగా వచ్చాయి. వైద్యసేవలు మాత్రం ఆ వేగాన్ని అందుకోలేదు. లోటు ఎక్కడుందని వెతికితే అందరి చూపూ ముందు ఇంజెక్షన్ల ధర మీదికే పోతుంది. ధర సమస్య నిజమే. కానీ మన దగ్గర చాలామంది రోగులు ఆ ఇంజెక్షన్ అవసరమో కాదో తేలే దశదాకా రావడం లేదు. జబ్బు పేరు తెలియకముందే కీళ్లు పాడవుతున్నాయి. కాబట్టి సేవల మెరుగుదల గురించి ఆలోచించేటప్పుడు మొదట చూడాల్సింది ఒక గది నుంచి ఇంకో గదికి రోగి ఎలా చేరుతున్నాడన్నది.

ఒక్కో ఒంట్లో ఒక్కో తీరు

కీళ్లకూ సోరియాసిస్‌కూ సంబంధం ఉందని ఫ్రెంచి వైద్యుడు అలిబెర్ 1818లోనే రాశాడు. అయినా ఇది కీళ్లవాతం కాదు, వేరే జబ్బేనని అమెరికా రుమటాలజీ సంఘం ఒప్పుకున్నది 1964లో. 1973లో మోల్, రైట్ అనే బ్రిటిష్ వైద్యులు దీన్ని అయిదు రకాలుగా విడదీసి చూపారు. గుర్తింపు ఇంత ఆలస్యం కావడానికి కారణం జబ్బు తీరులోనే ఉంది. ఒకరికి వేలి కొస కీలు వాస్తుంది. ఒకరికి వేలు మొదలు నుంచి కొసదాకా ఒకే లావున ఉబ్బుతుంది. మరొకరికి స్నాయువు ఎముకకు అతుక్కునే చోట, ముఖ్యంగా మడమ వెనక, పొద్దున్నే అడుగు వేయలేనంత నొప్పి. ఇంకొకరికి నడుము బిగుసుకుపోయి, తిరిగితే తప్ప సడలదు.

పదిమంది రోగుల్లో దాదాపు ఏడుగురికి ముందు చర్మం మీద సోరియాసిస్ కనిపిస్తుంది, సుమారు పదేళ్ల తర్వాత కీళ్లు పట్టుకుంటాయి. మిగిలినవాళ్లలో కొందరికి రెండూ కలిసి వస్తాయి, కొందరికి కీళ్లే ముందు. ఇంత వ్యవధి దొరికే జబ్బులు తక్కువ. ఎవరికి రావచ్చో ముందే తెలుసు, వాళ్లు ఏటా ఎవరో ఒక చర్మ డాక్టరు ముందు కూర్చుంటూనే ఉన్నారు. ఆ అవకాశాన్ని వాడుకోకపోవడమే అసలు నష్టం.

రక్తపరీక్షలు ఇక్కడ పెద్దగా ఆదుకోవు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ చాలామందిలో నెగెటివ్ వస్తుంది. దాదాపు సగం మందిలో వాపును చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ మామూలుగానే ఉంటాయి. “రిపోర్టులన్నీ నార్మల్, నీకేం లేదు” అన్న మాట ఈ రోగులు తరచూ వినేది అందుకే. సోరియాసిస్ ఉన్నవాళ్లలో యూరిక్ యాసిడ్ పెరగడం మామూలే కాబట్టి బొటనవేలు వాస్తే గౌట్ అనేస్తారు. తెలుగునాట ఇంకో చిక్కు ఉంది. 2005 చివర నుంచి 2006 దాకా చికున్‌గున్యా ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసింది. ఆ తర్వాత ఏ కీలు నొప్పినైనా “అప్పటి చికున్‌గున్యా తాలూకు” అనుకోవడం అలవాటైంది. మధ్యవయసు దాటినవాళ్లకైతే “అరిగిపోయాయి” అన్న మాట ఎలాగూ సిద్ధంగా ఉంటుంది.

చూడాల్సిన చోట చూస్తే ఆధారాలు దొరుకుతాయి. రోగి గోళ్లను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు, గోరు కొస చర్మం నుంచి విడిపోయి పచ్చబారడం కనిపించవచ్చు. చెవి వెనక, తలలో, బొడ్డులో, పిరుదుల మధ్య పొలుసులు ఉన్నాయేమో చూడాలి. తలలోని మచ్చను చుండ్రు అనుకుని ఏళ్లుగా షాంపూలు మార్చేవాళ్లు ఉంటారు. తలలోను, గోళ్లకు, పిరుదుల మధ్య సోరియాసిస్ ఉన్నవాళ్లకు కీళ్ల జబ్బు వచ్చే ముప్పు ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. 2006లో రూపొందిన క్యాస్పర్ ప్రమాణాలు ఈ ఆధారాలకే మార్కులు వేస్తాయి. కీళ్లలోనో, వెన్నులోనో, స్నాయువుల దగ్గరో వాపు జబ్బు ఉండి, ప్రస్తుతం సోరియాసిస్ ఉంటే 2 మార్కులు. గోళ్ల మార్పులకు, వేలు మొత్తం వాచినందుకు, రుమటాయిడ్ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినందుకు ఒక్కొక్కటి. మొత్తం 3 వస్తే జబ్బు ఇదేనని నిర్ధారించవచ్చు. ఇందులో సింహభాగానికి కళ్లు, చేతులు, ఓపిక చాలు.

ఆరు నెలల విలువ

ఆలస్యం ఎంత నష్టం చేస్తుందో డబ్లిన్ వైద్యులు లెక్కగట్టారు. 2003లో వాళ్లు వెలువరించిన అధ్యయనంలో కొత్తగా వచ్చిన రోగుల్లో 27 శాతం మందికి మొదటి ఎక్స్‌రేలోనే ఎముక కోత కనిపించింది. సుమారు రెండేళ్లకు, మందులు వాడుతున్నా, అది 47 శాతానికి చేరింది. అదే నగరం నుంచి 2015లో ఇంకో అధ్యయనం వచ్చింది. లక్షణాలు మొదలయ్యాక ఆరు నెలలు దాటి రుమటాలజిస్టును (కీళ్లవాపు జబ్బుల నిపుణుణ్ని) కలిసినవాళ్లలో ఎముక కోత, పనులు చేసుకోలేకపోవడం స్పష్టంగా ఎక్కువని అది తేల్చింది. ఆరు నెలలంటే మన దగ్గర ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర సూదులు, పట్నంలో ఎక్స్‌రే, మధ్యలో పసరు మందు అయ్యేసరికే గడిచిపోతాయి.

అలాగని తొందరగా పంపడానికి రుమటాలజిస్టులు మనకు సరిపడా ఉన్నారా అంటే, లేరు. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం, ఉన్నత శిక్షణ ఉన్నాయి. కార్పొరేట్ ఆస్పత్రుల్లో, పెద్ద నగరాల్లో ప్రైవేటు నిపుణులు ఉన్నారు. జిల్లా ఆస్పత్రికి వచ్చేసరికి ఆ కుర్చీ చాలాచోట్ల ఉండదు. శ్రీకాకుళం, ఆదిలాబాద్ లాంటి చోట్ల రోగికి నిపుణుడు అంటే ఒక రాత్రి బస్సు ప్రయాణం, ఒక రోజు కూలి, తోడు వచ్చినవాళ్ల ఖర్చు. ఈ కొరత నాలుగైదేళ్లలో తీరేది కాదు. నిపుణులు పెరిగేదాకా ఆగకుండా, ఉన్న కొద్దిమంది దగ్గరికి సరైనవాళ్లను సకాలంలో పంపే దారి చూడాలి.

ఐదు ప్రశ్నలు

ఆ దారికి అతి చవకైన పనిముట్టు ఒక చిన్న ప్రశ్నపత్రం. పెస్ట్ అని పిలిచే దీన్ని బ్రిటన్ వైద్యులు తయారుచేశారు. ఎప్పుడైనా కీలు వాచిందా? ఆర్థ్రైటిస్ ఉందని ఏ డాక్టరైనా చెప్పారా? గోళ్ల మీద గుంటలు ఉన్నాయా? మడమ నొప్పి వచ్చిందా? కారణం లేకుండా ఏదైనా వేలు మొత్తం వాచి నొప్పి పెట్టిందా? మూడింటికి అవునంటే నిపుణుడికి పంపాలి. సోరియాసిస్ ఉన్న ప్రతి ఒక్కరినీ ఏటా ఒకసారి కీళ్ల విషయమై పరీక్షించాలని బ్రిటన్ ప్రమాణాల సంస్థ నైస్ 2012 నుంచి చెబుతోంది.

దీనికి అభ్యంతరాలూ ఉన్నాయి. ఈ పత్రం జబ్బు లేనివాళ్లను కూడా చాలామందిని పట్టేస్తుంది. అరుగుదల నొప్పి ఉన్న యాభై ఏళ్ల సోరియాసిస్ రోగి రెండు మూడింటికి అవుననడం తేలిక. అలాంటివాళ్లంతా రుమటాలజిస్టు దగ్గర వరస కడితే అసలు రోగులు వెనకబడతారు. కాబట్టి ప్రశ్నపత్రం తర్వాత, నిపుణుడికి ముందు ఇంకో మెట్టు కావాలి. ఆ మెట్టు మన మెడికల్ కాలేజీల్లో ఉంది. తెలంగాణలో జిల్లాకొక ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లోనూ కొత్తవి తెరిచారు. ప్రతి కళాశాలలో చర్మ విభాగం, జనరల్ మెడిసిన్ విభాగం ఉంటాయి. వారంలో ఒక పూట రెండు విభాగాల డాక్టర్లు ఒకే గదిలో కూర్చుంటే, అరుగుదలను వాపు నుంచి వేరుచేసే పని అక్కడే చాలావరకు తేలిపోతుంది. పొద్దున బిగుసుకుపోవడం ఎంతసేపు ఉంటుంది, తిరిగితే తగ్గుతుందా పెరుగుతుందా, కీలు తాకితే మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నవి శిక్షణ పొందిన ఎండీ డాక్టరు చూడగలిగినవే. మిగిలిన సందేహాలను 2019లో మొదలైన ఇ-సంజీవని టెలిమెడిసిన్ ద్వారా నిపుణుడి ముందు పెట్టవచ్చు. గోళ్లు, వేళ్లు కెమెరాకు బాగానే కనిపిస్తాయి. చేత్తో నొక్కి చూడాల్సిన కీలు మాత్రం కనిపించదు, అందుకే రోగి పక్కన ఆ కాలేజీ డాక్టరు ఉండాలి.

చర్మ, కీళ్ల డాక్టర్లు కలిసి చూసే క్లినిక్కులు అమెరికా, ఐరోపాల్లో చాలా ఏళ్లుగా నడుస్తున్నాయి. టొరంటోలో రుమటాలజిస్టు డఫ్నా గ్లాడ్‌మన్ 1978లో మొదలుపెట్టిన క్లినిక్కు ఇంకో మెట్టు ఎక్కింది. ప్రతి రోగినీ ఒకే పద్ధతిలో, నిర్ణీత వ్యవధికోసారి చూసి వివరాలు రాసిపెట్టారు. ఇది తేలికపాటి జబ్బన్న పాత నమ్మకం పోయిందంటే ఆ రికార్డుల పాత్ర పెద్దది. మన దేశంలో సోరియాసిస్ రోగుల్లో కీళ్ల జబ్బు పాశ్చాత్య దేశాల కంటే తక్కువని చాలా అధ్యయనాలు చూపుతున్నాయి. నిజంగానే తక్కువా, అడగనందువల్ల తక్కువగా కనిపిస్తోందా అన్నది ఇలాంటి రికార్డులు లేకుండా తేల్చలేం.

లక్ష్యం పెట్టుకున్న వైద్యం

జబ్బు తేలాక ఎలా చూడాలన్నదానికి ముఖ్యమైన ఆధారం 2015లో వెలువడిన టికోపా అధ్యయనం. బ్రిటన్‌లో కొత్తగా జబ్బు బయటపడిన 206 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టును 4 వారాలకోసారి చూసి, లక్ష్యం అందకపోతే ముందే రాసుకున్న క్రమంలో మందు పెంచారు. రెండో జట్టును మామూలుగా 12 వారాలకోసారి చూశారు. 48 వారాలకు మొదటి జట్టులో 62 శాతం, రెండో జట్టులో 45 శాతం మంది కనీసం 20 శాతం మెరుగయ్యారు. దుష్ఫలితాలూ మొదటి జట్టులోనే ఎక్కువ. నెలకోసారి రావడం మన పల్లె రోగికి కుదరదు. కానీ అధ్యయనం చెప్పిన అసలు సంగతి వేరు. “ఎలా ఉంది?” “కాస్త నయమే సార్” అన్న సంభాషణ మీద మందు నడపకూడదు. వాచిన కీళ్లెన్ని, నొప్పి ఎంత, చర్మం ఎంత మిగిలింది, పనులు చేసుకోగలుగుతున్నారా లాంటి ఏడు అంశాలు చూసి, అయిదింటిలో హద్దులోపల ఉంటే జబ్బు అదుపులో ఉన్నట్టు. ఆ అంకెలు ఫైలులో ఉంటే తర్వాత ఏ డాక్టరు చూసినా అక్కడి నుంచి మొదలుపెట్టగలరు.

మొదటి మందు చాలామందికి మెథోట్రెక్సేట్. కొద్ది రూపాయలకు దొరికే ఈ మాత్ర కీళ్ల వాపు మీద ఎంత పనిచేస్తుందన్నదానిపై వాదం ఉంది. 2012లో వచ్చిన బ్రిటిష్ అధ్యయనం కీళ్లపై స్పష్టమైన లాభం చూపలేదు. అందులో వాడిన మోతాదు తక్కువని విమర్శ వచ్చింది. 2019లో 851 మందితో జరిగిన అధ్యయనంలో ఎటనర్సెప్ట్ వాడిన వాళ్లలో సుమారు 61 శాతం మంది మెరుగైతే, మెథోట్రెక్సేట్ ఒక్కటే వాడినవాళ్లలోనూ సుమారు 51 శాతం మంది మెరుగయ్యారు. ఇంత చవకైన మందుకు ఇది చిన్న ఫలితం కాదు.

కానీ ఈ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. దానితోపాటు రాసే ఫోలిక్ యాసిడ్ కూడా చాలా సందర్భాల్లో అలాంటి చిన్న పసుపు మాత్రే, అందువల్ల రెండూ తారుమారు కావడం తేలిక. చీటీ మీద ఇంగ్లిషు పొడి అక్షరాల బదులు తెలుగులో “ఆదివారం మాత్రమే” అని రాయడం, మందుల షాపులో స్ట్రిప్ మీద అదే రాసి ఇవ్వడం, గ్రామ క్లినిక్కులోని మధ్యస్థాయి వైద్య సిబ్బంది అయిన ఎంఎల్‌హెచ్‌పీ ఇంటికి వెళ్లినప్పుడు డబ్బా విప్పి లెక్కచూడడం, ఇవన్నీ ఖర్చులేని భద్రత. మందు వాడేవాళ్లకు రక్తకణాలు, కాలేయం పరీక్షలు క్రమంగా చేయాలి. తెలంగాణలో 2018లో మొదలైన ఉచిత డయాగ్నొస్టిక్స్ కేంద్రాలు ఇలాంటి పరీక్షలకు సరిగ్గా సరిపోతాయి. మద్యం మానాలని, పిల్లలు కావాలనుకుంటే మందు ముందే ఆపాలని చెప్పడం కూడా సేవలో భాగమే. పెళ్లి కాని ఆడపిల్లకు ఆ మాట తల్లిదండ్రుల ముందు కాక విడిగా చెప్పాలి.

స్టెరాయిడ్ సూదుల గురించి మొహమాటం లేకుండా మాట్లాడాలి. ఒక్క సూదితో రెండు రోజుల్లో లేచి తిరగడంతో పల్లెల్లో వాటి మీద నమ్మకం కుదిరిపోయింది. సోరియాసిస్ ఉన్నవాళ్లకు సూది ప్రభావం దిగిపోగానే చర్మం ఒక్కసారిగా విజృంభించవచ్చు, ఒళ్లంతా చీముపొక్కులు లేచే ప్రమాదమూ ఉంది. పేరు లేని పొడుల్లో, “గ్యారంటీ” మందుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం వల్ల కూడా ఇదే ముప్పు.

ఇంజెక్షన్ల ధర, పథకాల గీత

మాత్రలతో అదుపులోకి రానివాళ్లకు బయోలాజిక్స్ అనే ఆ ఇంజెక్షన్లు అవసరం. అసలు మందును పోలి ఉండే మందును బయోసిమిలర్ అంటారు. ప్రపంచంలో మొదటి అడాలిముమాబ్ బయోసిమిలర్‌ను 2014 డిసెంబరులో మన దేశ కంపెనీ జైడస్ కాడిలా విడుదల చేసింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అడాలిముమాబ్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ధర దిగినా నెలనెలా, ఏళ్ల తరబడి భరించడం సామాన్య కుటుంబానికి శక్తికి మించిన పనే.

ఇక్కడ పథకాలు ఒక గీత దగ్గర ఆగిపోతాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018 నాటి ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి పొందే చికిత్స కోసం పుట్టినవి. ఈ రోగి మంచం మీద చేరడు, ఓపీలోనే జీవితాంతం తిరుగుతాడు. కార్డు మీద పరిమితి లక్షలకు పెరిగినా అతని నెలవారీ మందు అందులోకి రాదు. ఈఎస్‌ఐ కింద ఉన్న కార్మికులకు ఓపీ మందుల సదుపాయం ఉంది. రైతుకూలీకి అదీ లేదు. అయితే ఆరోగ్యశ్రీ డయాలసిస్‌ను, కీమోథెరపీని భరిస్తోంది, అంటే పదేపదే చేసే చికిత్సకు దారి ముందే వేసి ఉంది. లక్ష్యం పెట్టుకుని రెండు రకాల మాత్రలు తగినంత కాలం వాడినా జబ్బు తగ్గలేదని ఫైలులోని అంకెలు చూపితే ఇంజెక్షన్ ఇవ్వడం, ఆరు నెలలకు లాభం లేకపోతే మార్చడమో ఆపడమో చేయడం లాంటి షరతులతో ఆ దారిలోకి ఈ జబ్బునూ తీసుకురావచ్చు. అంకెలు రాసే క్లినిక్కు ముందు లేకపోతే ఈ షరతులకు అర్థం ఉండదు.

క్షయ సంగతి మరవకూడదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఎటనర్సెప్ట్, అడాలిముమాబ్ లాంటి టీఎన్ఎఫ్ నిరోధక ఇంజెక్షన్లు ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయను లేపగలవు. మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, చర్మ పరీక్షో రక్తపరీక్షో, అవసరమైతే ముందుజాగ్రత్త మాత్రలు తప్పనిసరి. జిల్లా క్షయ కేంద్రాలు మనకు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటికీ రుమటాలజీకీ మధ్య చీటీ నడిస్తే చాలు.

కీళ్లు దాటి

ఈ రోగులకు గుండెజబ్బు, మధుమేహం, కాలేయంలో కొవ్వు, ఊబకాయం ముప్పు ఎక్కువ. బరువు తగ్గితే మందులు మెరుగ్గా పనిచేస్తాయి. మండల స్థాయిలో బీపీ, షుగర్ చూసే ఎన్‌సీడీ క్లినిక్కులు ఉన్నాయి. అక్కడి పరీక్షలు వీళ్లకు తేలిగ్గా అందించవచ్చు. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే కలకగా కొట్టిపారేయకుండా యువైటిస్ (కంటి లోపలి వాపు) కాదని తేల్చుకోవాలి.

మనసుకు తగిలే దెబ్బ ఇంకో సంగతి. సోరియాసిస్ అంటుకునే జబ్బు కాదని 2014లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానంలోనే చెప్పినా, మంగలి షాపులో కుర్చీ దొరకని మనిషి, పెళ్లి సంబంధాలు వెనక్కిపోయిన పిల్ల మన మధ్యే ఉన్నారు. నొప్పితో పాటు దిగులు ఉందా అని అడిగే ప్రశ్న కూడా ఆ వార్షిక పత్రంలో ఉండాలి. వికలాంగుల ధ్రువీకరణ మరో చిక్కు. సదరం శిబిరంలో ఆరోజు కనిపించిన వైకల్యాన్ని కొలుస్తారు, 40 శాతం రాకపోతే ప్రయోజనాలు ఉండవు. ఈ జబ్బు ఎక్కువ తక్కువలుగా నడుస్తుంది. బాగున్న నెలలో శిబిరానికి వెళ్లినవాడికి చెడ్డ నెలల లెక్క చెప్పే కాగితం ఉండదు. క్లినిక్కు రికార్డును అక్కడ పరిగణించే వీలు కల్పించాలి.

ముందు ఏది

పై వాటన్నిటినీ ఒకేసారి కోరితే ఏదీ జరగదు. వరస ముఖ్యం. మొదటి మెట్టు ప్రభుత్వ, ప్రైవేటు చర్మ ఓపీల్లో ప్రతి సోరియాసిస్ రోగికీ ఏటా ఐదు ప్రశ్నలు, జవాబులు చీటీ మీదే నమోదు కావడం. దీనికి కొత్త జీవో గానీ బడ్జెట్ గానీ అక్కర్లేదు, విభాగాధిపతి నిర్ణయం చాలు. రెండో మెట్టు మెడికల్ కాలేజీల్లో వారానికొక ఉమ్మడి పూట, అందులో అంకెల రికార్డు. మూడోది మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్, రక్తపరీక్షలు రోగి ఊరికి దగ్గర్లో నిరాటంకంగా దొరకడం. నాలుగోది షరతులతో బయోలాజిక్స్‌ను ఆరోగ్యశ్రీలోకి తేవడం. నాలుగో మెట్టు కోసం రోగుల సంఘాలు, వైద్యుల సంఘాలు గట్టిగా అడగాల్సిందే. అయితే ఎంతమందికి అవసరమో, ఎంత ఖర్చవుతుందో చెప్పే లెక్క మొదటి మూడు మెట్ల నుంచే వస్తుంది. లెక్క లేని కోరికను ఏ ఆర్థికశాఖైనా పక్కన పెడుతుంది.

ఈ సేవలు మెరుగయ్యాయా లేదా అన్నది తేల్చడానికి ఒక్క కొలత చాలు. మొదటి కీలు వాచిన రోజుకూ, జబ్బు పేరు ఫైలులో పడిన రోజుకూ మధ్య ఎన్ని నెలలు పట్టిందన్నది. ప్రతి వైద్య కళాశాల ఏడాదికోసారి ఆ సగటును బయటపెడితే, అది ఆరు నెలల లోపలికి వచ్చిందో లేదో అందరికీ తెలుస్తుంది. రాకపోతే ఏ గది దగ్గర రోగి ఆగిపోతున్నాడో వెతకడం ఆ కళాశాల బాధ్యత.